కొర్లపహాడ్ దాటింది, చిల్లకల్లు దాటలేదు: ఒక థ్రిల్లర్ నవల పని డైరీ

నవల ఇది. కార్తీకమాసంలో ఒక శుక్రవారం రాత్రి భర్త కారులో వనస్థలిపురం నుంచి విజయవాడ బయల్దేరతాడు. సోమవారం అక్కడ అమ్మ నోము. పంతంగి టోల్‌గేటు దగ్గర ఫాస్టాగ్‌లో డబ్బు కట్ అయింది. కొర్లపహాడ్ దగ్గర కట్ అయింది. చిల్లకల్లు దగ్గర కాలేదు. మనిషి జాడ లేదు. కథ చెప్పేది ఇద్దరు. పేరు పెట్టిన అధ్యాయాల్లో భార్య చెబుతుంది. పేరు పెట్టని చిన్న అధ్యాయాల్లో ఎవరో ఒక "నేను" చెబుతుంది. అప్పులవాళ్ళకి కనపడకుండా దాక్కున్న భర్తే ఆ "నేను" అని పాఠకుడు నమ్మాలి. నిజానికి ఆ గొంతు అతని చెల్లెలిది. కోదాడలో కాపురం. భార్యకు మొదటినుంచీ అన్నీ తెలుసు.

ముగింపు ఇక్కడే చెప్పేస్తున్నాం. ఇలాంటి నవల రాయబోయేవాళ్ళకి మలుపు ఎక్కడ విరిగిందో, దేనితో అతికించామో తెలియాలంటే దాచి లాభం లేదు.

దశ 1. రోడ్డు, క్యాలెండరు, చంద్రుడు (2 వారాలు)

పనిముట్లు: గూగుల్ షీట్ ఒకటి, మూడు రంగుల అట్టకార్డులు, 65వ నంబరు జాతీయ రహదారి మ్యాపు, 2024 పంచాంగం.

షీట్‌లో ఐదు నిలువు వరసలు పెట్టాం.

1. సంఘటన నిజంగా జరిగిన రోజు, గంట, నిమిషం.
2. పుస్తకంలో అది వచ్చే అధ్యాయం.
3. అది ఎవరికి తెలుసు.
4. ఎలా తెలుసు: చూశారా, విన్నారా, కాగితంలో చదివారా.
5. ఆ పేజీ దగ్గర పాఠకుడు ఏమని నమ్ముతుంటాడు.

నాలుగో వరస మొదట లేదు. రెండో వారంలో చేర్చాం. తర్వాత పనంతా దాని మీదే నడిచింది. ఎందుకో దశ 4లో వస్తుంది.

మొదటి పొరపాటు తేదీ. భర్త బయల్దేరేది 2024 ఆగస్టు 31, శనివారం రాత్రి అని పెట్టుకున్నాం. ఆ రాత్రి కుండపోత. తెల్లారి సెప్టెంబరు 1 ఆదివారం వరదతో హైదరాబాదు, విజయవాడ మధ్య ఈ దారిలో రాకపోకలు ఆగిపోయాయి. కారు తప్పిపోవడానికి అంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు కాబట్టి ఎవరూ భార్యను అనుమానించరు. రహస్యం మొత్తం నీళ్ళపాలు. పైగా ఆ రోజు గుర్తున్న తెలుగు పాఠకులు లక్షల్లో ఉంటారు. తేదీ రాసేముందు ఆ రోజు ఆ దారిలో ఏం జరిగిందో పాత పేపర్లు తిరగేయడం తప్పనిసరి.

మార్చిన తేదీ 2024 నవంబరు 22, శుక్రవారం. కారణాలు మూడు. కార్తీకంలో చివరి సోమవారం 25న పడుతుంది, అమ్మ నోముకు కొడుకు రావడం సహజం. 2024 జులై 1 నుంచి పాత ఐపీసీ, సీఆర్‌పీసీ, సాక్ష్య చట్టాల స్థానంలో భారతీయ న్యాయ సంహిత, నాగరిక సురక్షా సంహిత, సాక్ష్య అధినియం అమల్లోకి వచ్చాయి, ఏ పాత్ర ఏ సెక్షన్ చెప్పినా కొత్త నంబరే చెప్పాలి. మూడోది చంద్రుడు. కార్డు నంబరు 9లో రాత్రి పదిన్నరకి పండువెన్నెల అని రాసి ఉంది. కార్తీక పౌర్ణమి 15వ తేదీ. 22 నాటికి చంద్రుడు లేచేసరికి అర్ధరాత్రికి కాస్త అటూ ఇటూ అవుతుంది. పదిన్నరకి రోడ్డు చిమ్మచీకటి. వెన్నెల కొట్టేసి లారీ హెడ్‌లైట్లు పెట్టాం, సీను మెరుగైంది.

దారి కూడా కథలో పాత్రే. కొర్లపహాడ్ నల్గొండ జిల్లా, సూర్యాపేట, కోదాడ సూర్యాపేట జిల్లా, చిల్లకల్లు ఎన్టీఆర్ జిల్లా. రెండు టోల్‌గేట్ల మధ్యలోనే రాష్ట్రం మారుతుంది. అంటే కారు ఆగిన చోటు తెలంగాణ పోలీసులదా, ఆంధ్ర పోలీసులదా అన్నది మొదటి వంద పేజీలను లాగుతుంది. కల్పిత ఊళ్ళు పెట్టి ఉంటే ఈ బలం దొరికేది కాదు.

ఇప్పటిదాకా: కార్డులు 84, పదాలు 0, వారాలు 2.

దశ 2. మొదటి ప్రతి (14 వారాలు)

దీని గురించి చెప్పడానికి పెద్దగా లేదు. సగం వాయిస్ టైపింగ్, సగం ఫోనెటిక్ కీబోర్డు. సంభాషణలకి వాయిస్ బాగుంది, నోటిమాట యాస నిలిచింది. కథనానికి పనికిరాలేదు. వాక్యాలు సాగిపోయాయి, "ఆ తర్వాత", "అప్పుడు" కుప్పలుగా పడ్డాయి.

ఒక్క నష్టం మాత్రం రాసుకోవాలి. వాయిస్ టైపింగ్ "వెళ్ళాను" ఒకచోట, "వెళ్లాను" ఇంకోచోట రాస్తుంది. చదవడానికి ఇబ్బంది లేదు. తర్వాత వెతుకులాట మొదలుపెట్టినప్పుడు సగం మాటలు దొరకవు. మొదటి రోజే ఏదో ఒక వర్ణక్రమం ఖాయం చేసుకుని, వారానికి ఒకసారి "ళ్ల"ను "ళ్ళ"గా మార్చి ఉంచాలి. మేం చివర్లో మార్చాం, రెండు రోజులు పట్టింది.

ఇప్పటిదాకా: సీన్లు 84, పదాలు 71,400, వారాలు 16.

దశ 3. ఠాణా, టోలు, కెమెరా, ఫోను (3 వారాలు)

మొదటి ప్రతిని పక్కన పెట్టుకుని, అందులో చట్టం మీదో యంత్రం మీదో ఆధారపడ్డ సీన్లన్నిటికీ ఎర్ర కార్డు పెట్టాం. 27 వచ్చాయి. వాటిలో 20 తప్పులే. తొమ్మిది తీసేశాం, పదకొండు తిరగరాశాం. ముఖ్యమైనవి ఇవి.

*బీమా డబ్బు.* మొదటి ప్రతిలో భార్య మీద అనుమానానికి కారణం పెద్ద బీమా పాలసీ. నాలుగు నెలల్లో క్లెయిం వచ్చేస్తుంది. అది జరగని పని. శవం దొరకనిదే మరణ ధ్రువపత్రం రాదు. మనిషి సంగతి తెలిసి ఉండాల్సినవాళ్ళకి ఏడేళ్ళపాటు ఏమీ తెలియకపోతేనే, అతను బతికే ఉన్నాడని నిరూపించే భారం అవతలివాళ్ళ మీద పడుతుంది. పాత సాక్ష్య చట్టంలో అది 108వ సెక్షన్, ఇప్పుడు 111. ఆ పైన కోర్టు ఉత్తర్వు తెచ్చుకోవాలి. పాలసీ బతికి ఉండాలంటే ఆ ఏడేళ్ళూ ప్రీమియం కడుతూ పోవాలి. కాబట్టి డబ్బు కోసం భర్తను మాయం చేసే భార్య శవం దొరికేలా చూసుకుంటుంది, దొరక్కుండా కాదు. ఈ ఒక్క విషయం తేలాక కథ అడ్డం తిరిగింది. మనిషి జాడ లేదని విడాకులు తీసుకునేందుకూ ఏడేళ్ళే: హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లో అదో కారణం. మాయమైపోవడం అప్పులున్నవాడికి లాభం, భార్యకు ఏడేళ్ళ శిక్ష. రెండో భాగానికి భార్య కోపం ఇక్కడి నుంచే వచ్చింది. తీసేసింది బీమా సీన్లు 5.

*ఇరవై నాలుగు గంటలు.* "ఒక రోజు ఆగి రండి" అని ఎస్.ఐ. చేత అనిపించాం. అలాంటి నియమం ఏదీ లేదు. మిస్సింగ్ ఫిర్యాదు ఎప్పుడైనా ఇవ్వొచ్చు. ఎక్కడైనా ఇవ్వొచ్చు కూడా: నాగరిక సురక్షా సంహిత 173 ప్రకారం హద్దు తమది కాకపోయినా ఠాణా సమాచారం తీసుకోవాలి. దాన్నే జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటున్నాం. దీన్ని కథకే వాడుకున్నాం. శనివారం పొద్దున విజయవాడలో తల్లి ఫిర్యాదు ఇస్తుంది. వనస్థలిపురంలో భార్య సాయంత్రం దాకా ఇవ్వదు. తొమ్మిది గంటల తేడా. పాఠకుడికి అంకె కనిపిస్తుంది, కారణం మాత్రం 29వ అధ్యాయంలో తెలుస్తుంది.

*ధాబా కెమెరా.* మొదటి ప్రతిలో కోదాడ దగ్గర ధాబాలో కెమెరా రికార్డింగు డిసెంబరు 4న, అంటే 12 రోజుల తర్వాత దొరుకుతుంది. లెక్క కట్టి చూశాం.

1. మామూలు 2 మెగాపిక్సెల్ కెమెరా సెకనుకు 4 మెగాబిట్లు రాస్తుందనుకుంటే, రోజుకు 43.2 జీబీ.
2. నాలుగు కెమెరాలకి 172.8 జీబీ.
3. 1 టీబీ డిస్కు 5.8 రోజుల్లో నిండిపోతుంది, పాతదాని మీద కొత్తది ఎక్కుతుంది.
4. 2 టీబీ పెట్టినా 11.6 రోజులే.

పన్నెండో రోజుకి ఏ డిస్కులోనూ ఆ రాత్రి మిగలదు. ఎస్.ఐ.ని ఆరో రోజు రాత్రికి, అంటే 28వ తేదీకి తెచ్చాం. డిస్కు 1 టీబీయే ఉంచాం. రికార్డింగు ఆ శనివారం తెల్లవారుజాము నుంచి మొదలవుతుంది. కావలసిన ముక్క కొన్ని గంటల ముందే చెరిగిపోయింది. మిగిలిన దాంట్లో ఖాళీ పార్కింగు, తడి నేల, నేల మీద టైరు గుర్తులు. ఈ సీను ముందు రెండు పేజీలుండేది. ఇప్పుడు ఏడు పేజీలు, పుస్తకంలో గట్టి సీన్లలో ఒకటి. ఆ వీడియో కోర్టుకు వెళ్ళాలంటే సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్, హాష్ విలువతో (ఫైలును ఎవరూ మార్చలేదని తేల్చే సంకేతం) సహా ఉండాలి. పెన్‌డ్రైవులో కాపీ చేసుకుని జేబులో వేసుకుంటే సరిపోదు. అది ఎస్.ఐ. నోట ఒక్క వాక్యంలో చెప్పించి వదిలేశాం.

*సగం టోలు.* కారును చెల్లెలే వెనక్కి నడుపుకొచ్చింది. కొర్లపహాడ్ దగ్గర శనివారం తెల్లవారుజామున 4:40కి రెండోసారి కట్ అవుతుంది. మొదటి ప్రతిలో రెండుసార్లూ ఒకే మొత్తం రాశాం. తప్పు. 2008 జాతీయ రహదారుల రుసుము నియమాల ప్రకారం 24 గంటల్లోపు తిరిగొస్తే రెండు వైపులకీ కలిపి ఒకవైపు రుసుముకు ఒకటిన్నర రెట్లే. కాబట్టి రెండోసారి కట్ అయ్యేది సగం. ఈ తప్పు దిద్దుతుంటే మంచి ఆధారం దొరికింది. భార్య పోలీసులకి ఇచ్చేది ఫోను స్క్రీన్‌షాటు. అందులో రెండే వరసలు: పంతంగి, కొర్లపహాడ్. బ్యాంకు నుంచి వచ్చే స్టేట్‌మెంటులో మూడో వరస ఉంటుంది, సగం మొత్తంతో. 22వ అధ్యాయంలో ఆ స్టేట్‌మెంటు యథాతథంగా అచ్చవుతుంది, దాని గురించి ఎవరూ ఒక్క మాటా మాట్లాడరు. ఫాస్టాగ్ భార్య ఫోను నంబరు మీద ఉంది. అంటే ఆ మెసేజీ తెల్లవారుజామునే ఆమెకు వచ్చింది.

*రెండు టిక్కులు.* భర్త ఫోను రాత్రి 11:40 నుంచి స్విచ్ఛాఫ్. భార్య 1:20కి "ఎక్కడున్నారు" అని వాట్సాప్ పెడుతుంది. మొదటి ప్రతిలో ఒక టిక్కు రాశాం. సరైనదే, కానీ చప్పగా ఉంది. రెండు టిక్కులు చేశాం. మెసేజీ ఫోనుకే చేరనక్కర్లేదు, ఆ ఖాతాకు లింకైన లాప్‌టాపుకి చేరినా రెండు టిక్కులు పడతాయి. లాప్‌టాపు ఇంట్లో ఉంది. ఆ అర్ధరాత్రి దాన్ని తెరిచి కూర్చున్నది ఎవరు? ఇంట్లో ఉన్నది ఒక్కరే. ఫోను వాడకుండా 14 రోజులు దాటితే లింకులు తెగిపోతాయి. మొదటి ప్రతిలో పోలీసులు లాప్‌టాపు తెరిచేది డిసెంబరు 9న. ఆ రోజుకి తెరమీద క్యూఆర్ కోడ్ తప్ప ఏమీ ఉండదు. డిసెంబరు 3కి మార్చాం.

కాల్ డేటా విషయం చిన్నదే. ఎస్.ఐ. ఫోను చేసి కంపెనీని అడిగితే ఇవ్వరు, పై అధికారి ద్వారా లేఖ వెళ్ళాలి. వచ్చేదాంట్లో ఏ నంబరు, ఎంతసేపు, ఏ టవరు అన్నవే ఉంటాయి. మాటలు ఉండవు. మాటలు వినిపించే సీను ఒకటి తీసేశాం.

ఇప్పటిదాకా: సీన్లు 75, పదాలు 66,900, వారాలు 19.

దశ 4. క్రియ చివర (4 వారాలు)

ఈ నవల నిలబడ్డా కూలినా ఇక్కడే. తెలుగులో రాసేవాళ్ళు ఈ దశను దశ 2కి ముందే చేసుకోవాలి. ఆ క్రమం తప్పినందుకు మాకు నాలుగు వారాలు ఖర్చయ్యాయి.

"నేను వచ్చాను, తలుపు తీశాను, కూర్చున్నాను." చెప్పింది ఆడో మగో తెలీదు. మన భాషలో ఉత్తమపురుష క్రియకు లింగం లేదు. హిందీలో అయితే మొదటి వాక్యంలోనే గుట్టు రట్టవుతుంది. ఈ నవల మొత్తం ఆ ఒక్క సౌలభ్యం మీద కట్టింది. అయితే ఆ సౌలభ్యానికి ఒక రంధ్రం ఉంది: అలవాటు చెప్పే భూతకాలం. "రోజూ ఆ బెంచీ మీదే కూర్చునేదాన్ని" అంటే ఆడమనిషి. "కూర్చునేవాణ్ణి" అంటే మగవాడు. గతం తలుచుకునే మనిషికి ఈ క్రియ పేజీకి నాలుగుసార్లు నోటికొస్తుంది.

ముందుగా ఒక నియమం పెట్టుకున్నాం. "వాణ్ణి" అని ఎక్కడా రాయకూడదు. అది అబద్ధం. దాచొచ్చు, అబద్ధం ఆడకూడదు. రెండోసారి చదివే పాఠకుడు ప్రతి వాక్యాన్నీ నిలదీస్తాడు, ఒక్కచోట అబద్ధం దొరికినా పుస్తకం అవతల పారేస్తాడు. అతనికి ఆ హక్కు ఉంది.

వెతికిన పద్ధతి:

1. పేరులేని అధ్యాయాలన్నీ ఒక ఫైలుగా విడదీయాలి.
2. "దాన్ని", "దానిని", "దాన్నే", "దాన్నని" అని విడివిడిగా వెతకాలి. "దాన్ని తీసి జేబులో పెట్టాను" లాంటివి బోలెడు తగులుతాయి. కంటితో ఏరడం తప్ప దారి లేదు.
3. "ఒక్కదా", "ఒంటరిదా", "పిచ్చిదా", "పెద్దదా" వెతకాలి.
4. ఎదుటివాళ్ళు పిలిచే పిలుపులు: "ఏమే", "అమ్మా", "అత్తా", "మేడం", "అక్కా".
5. చివరగా బట్టలు, జుట్టు, నగలు. వీటికి వెతుకుపదం ఉండదు. అచ్చు తీసి పెన్సిలుతో చదవాలి.

దొరికినవి 43. అలవాటు క్రియలు 19, "ఒక్కదాన్నే" 8, పిలుపులు 10, ఒంటి మీద వస్తువులు 6.

మొదటి దిద్దుబాటు చెడింది. 19 క్రియలనూ "కూర్చోవడం అలవాటు", "నడవడం అలవాటు" అని మార్చేశాం. చదివితే చెవిలో గంట కొడుతోంది. రెండోసారి పంచాం:

ఆరు చోట్ల క్రియే తీసేశాం. "రోజూ అదే బెంచీ."
ఏడు చోట్ల వర్తమానంలోకి తెచ్చాం. "ఇప్పటికీ అక్కడే కూర్చుంటాను."
రెండు చోట్ల బహువచనం. "కూర్చునేవాళ్ళం" అంటే ఆడా మగా తేలదు.
నాలుగు వాక్యాలు పూర్తిగా కొట్టేశాం.

"ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను" అన్నది "ఇంట్లో ఇంకెవరూ లేరు" అయింది. కొట్టువాడు "ఏం కావాలి మేడం" అన్నది "చెప్పండి" అయింది. చెల్లెలు మనసులో భార్యను "వదిన" అనే అనుకుంటుంది, అది పెడితే పని అయిపోయినట్టే. "ఆమె" అని పెడితే దూరం. "తను" పెట్టాం. భర్తలు భార్యను ఇలాగే అంటారు, ఆడపడుచూ అనగలదు. ఇక భర్తను ఏమనాలి? ఏమీ అనకూడదు. పేరులేని అధ్యాయాల్లో అతని ప్రస్తావనే రాదు. మాట్లాడేది అతనే అనుకునే పాఠకుడికి ఆ లోటు కనపడదు.

"వదినా, తలుపు తియ్యి" అన్న మెసేజీ ఒకటి లాప్‌టాపులో బయటపడుతుంది. వదినా అని పిలిచేది ఆడపడుచు ఒక్కతే కాదు, మరిది కూడా. మరిది మీద అనుమానం నడిచే 40 పేజీలు ఈ ఒక్క పిలుపు మీద నిలబడ్డాయి. పంపినవాళ్ళ పేరు తెరమీద చూపకుండా, నోటిఫికేషన్ ఎస్.ఐ. వేలి కింద సగం కప్పినట్టు రాశాం.

ఇక భార్య అధ్యాయాలు. ఇక్కడ సమస్య వేరు. భర్త చనిపోయాడని ఆమెకు తెలుసు. "ఆయన కాఫీ ఇష్టంగా తాగేవారు" అని రెండో అధ్యాయంలోనే రాసేశాం. "తాగుతారు" అనాల్సింది. చదివినవాళ్ళు చప్పున పట్టేస్తారు. దీనికి తెలుగులో తేలికైన మందు ఉంది: క్రియ లేని వాక్యం. "ఆయనకి ఫిల్టర్ కాఫీ ప్రాణం." కాలమే లేదు, దొరికే దారీ లేదు. ఇలా 22 వాక్యాలు మార్చాం. ఒక్క "తాగేవారు" మాత్రం 34వ అధ్యాయంలో, అత్తగారి ముందు ఆమె నోరు జారినప్పుడు ఉంచాం. అత్తగారు పొయ్యి దగ్గర నుంచి వెనక్కి తిరుగుతుంది. గిన్నెలో పాలు పొంగి స్టవ్ ఆరిపోతుంది. ఆ సీనులో ఇంకేమీ జరగదు.

అన్నిటికంటే విలువైనది "ట". చూడని సంగతి చెప్పేటప్పుడు మనం "ఆగిందట", "దొరికిందంట" అంటాం. చూసినదానికి అనం. షీట్‌లో నాలుగో వరస అందుకే. భార్య అధ్యాయాల్లో ఆమె చూడనివి, పోలీసులో బంధువులో చెబితే తెలిసినవి, 118 వాక్యాలు. కథనంలో "ట", సంభాషణల్లో "అంట" అని అన్నిటికీ సరిచూశాం. మూడింటికి మాత్రం తీసేశాం, 6, 17, 29 అధ్యాయాల్లో. మొదటిది ఇలా ఉంటుంది:

"రోడ్డు పక్కన కారు ఆగి ఉందట. తాళాలు దానికే ఉన్నాయట. డ్రైవరు సీటు బాగా ముందుకి జరిపి ఉంది."

మూడో వాక్యానికి "ట" లేదు. సీటు సంగతి ఎస్.ఐ. చెప్పలేదు. ముందుకి జరిపారంటే నడిపింది పొట్టి మనిషి. రెండు ఆధారాలు ఒకే చోట, ఒక్క అక్షరం లోపంలో ఉన్నాయి. వివరించే వాక్యం ఒకటి దాని కింద రాసి, మూడుసార్లు కొట్టేసి, మూడుసార్లు తిరిగి పెట్టి, చివరికి తీసేశాం.

ఇప్పటిదాకా: సీన్లు 75, పదాలు 66,700, వారాలు 23.

దశ 5. చదివించి చూడటం (6 వారాలు)

మొత్తం ఆరుగురు, ముగ్గురు చొప్పున రెండు విడతలు. ఒకే విడతలో ఆరుగురికీ ఇవ్వకూడదు. దిద్దిన ప్రతిని చదవడానికి కథ తెలియనివాళ్ళు మిగలాలి.

8, 16, 24, 32, 40 అధ్యాయాల చివర ఆగి మూడు ప్రశ్నలకి జవాబు రాయమన్నాం: భర్త బతికి ఉన్నాడా, "నేను" ఎవరు, ఇప్పుడు ఎవరి మీద అనుమానం. "బాగుందా" అని అడగలేదు. దానికొచ్చే జవాబుతో చేసే పని ఏమీ ఉండదు.

మొదటి విడతలో ఇద్దరు 8వ అధ్యాయానికే "నేను" ఆడమనిషి అని రాశారు. లీకులు 43 మూసినా దొరికింది. అడిగితే తేలిన కారణం: ఆ మనిషికి ఒళ్ళు లేదు. బట్టలు, జుట్టు అన్నీ తుడిచేసేసరికి గాల్లో మాట్లాడుతున్న గొంతు మిగిలింది. ఏదో దాస్తున్నారని వెంటనే తెలిసిపోయింది. ఆడా మగా ఇద్దరికీ చెల్లే ఒంటి సంగతులు తిరిగి పెట్టాం. కళ్ళజోడు ముక్కు మీద చేసే గాటు, మోకాలి నొప్పి, బీపీ మాత్ర, గోరు కింద విరిగి ఉండిపోయిన పుల్ల. ఆ పుల్ల అయిదు అధ్యాయాలపాటు నడుస్తుంది. మొదట ఎర్రబడుతుంది, తర్వాత చీము పడుతుంది, సూది కాల్చి తీస్తారు.

ఇంకో లోపం మధ్యలో. 24 నుంచి 32 దాకా అనుమానం ఎవరి మీదికీ మారలేదు, ముగ్గురూ భార్య పేరే రాశారు. ఆ ఎనిమిది అధ్యాయాల్లో ఏడు సీన్లు ఆమె దుఃఖం గురించే. బాగా రాసినవే, ఒకదాని తర్వాత ఒకటి పెడితే అన్నీ ఒకే పని చేస్తున్నాయి. ఏడూ తీసేసి, వాటిలోంచి ఒక్క వివరం మిగిల్చాం: భర్త చెప్పులు గుమ్మం దగ్గర అలాగే ఉంచి, చుట్టూ ముగ్గు వేస్తుంది. దాన్ని మరిది సీనులో కలిపాం.

రెండో విడతలో 32వ అధ్యాయం దాకా "నేను" ఎవరో ఎవరూ పట్టలేదు. ఒకరు సగం టోలు పట్టారు. "ట" లేని వాక్యాన్ని మొదటి చదువులో ఎవరూ పట్టలేదు. రెండోసారి చదివినప్పుడు ఇద్దరు గీత గీసి పంపారు. కావలసింది అదే కొలత.

ఇప్పటిదాకా: సీన్లు 68, అధ్యాయాలు 43 (భార్యవి 31, పేరులేనివి 12), పదాలు 62,300, వారాలు 29.

దశ 6. పేజీలు, ప్రూఫు (ఇంకా నడుస్తోంది)

డెమ్మీ 1/8 సైజు, 12 పాయింట్ల అక్షరం. పేజీకి సగటున 210 పదాలు పడుతున్నాయి. 62,300కి 297 పేజీలు, ముందుపేజీలు 7, మొత్తం 304. ఫారానికి (కలిపి అచ్చయ్యే పేజీల కట్ట) 16 పేజీలు కాబట్టి సరిగ్గా 19 ఫారాలు. ఒక్క పేజీ పెరిగినా ఇరవయ్యో ఫారం మొదలవుతుంది. అందుకే ఇక చేర్పులు లేవు.

యూనికోడ్ ఫైలును ప్రెస్సు వాడే పాత ఫాంటులోకి మార్చినప్పుడు కొన్ని ఒత్తులు చెదిరాయి, ఫాస్టాగ్ స్టేట్‌మెంటులో వరసలు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. పట్టికను బొమ్మగా చేసి పెట్టమన్నాం. అంకెలు చదవగలిగేంత పెద్దగా రావాలని కొలత ఇచ్చాం: పేజీ వెడల్పులో మూడు వంతులు.

అసలు దెబ్బ రెండో ప్రూఫులో తగిలింది. పేజీ 41. "డ్రైవరు సీటు బాగా ముందుకి జరిపి ఉందట." దిద్దినవాళ్ళది తప్పు కాదు. పైన రెండు వాక్యాలకి "ట" ఉంది, మూడోదానికి లేదు, జారిపోయిందనుకుని శ్రద్ధగా కలిపారు. 17వ అధ్యాయంలోనూ అంతే. పేరులేని అధ్యాయంలో "రోజూ అదే బెంచీ" అసంపూర్ణ వాక్యమని "కూర్చునేవాణ్ణి" చేర్చారు.

ప్రూఫుతోపాటు ఇప్పుడు ఒక కాగితం వెళ్తోంది. పైన "ఈ 14 వాక్యాలు ఉన్నవి ఉన్నట్టే ఉండాలి, ముట్టవద్దు" అని, కింద పేజీ నంబరు, పంక్తి నంబరు, వాక్యం. "ట" లేనివి మూడు, "నేను" వాక్యాలు పదకొండు. మూడో ప్రూఫు వచ్చాక ముందు ఆ పద్నాలుగూ చూసి, ఆ తర్వాతే మిగతా పుస్తకం చదవాలి. పేజీ 41 వరకు వచ్చింది, "ట" లేదు.